దశమభాగం జైలుకు పంపవచ్చా?

ప్రశ్న: అన్నయ్యా, ఏడాది క్రితం విజయనగరం నుంచి హెచ్‌1బీ వీసా మీద అమెరికా వచ్చాను. ఊళ్లో మా పాస్టర్‌గారు సబ్‌జైలులో పరిచర్య చేస్తున్నారు. నా దశమభాగంలో (సంపాదనలో దేవునికిచ్చే పదో వంతులో) కొంత అందుకు పంపవచ్చా? ఇక్కడి సంఘంవారు కూడా జైలు పరిచర్యకు రమ్మంటున్నారు. వెళ్తే వీసాకు ఇబ్బందా?

జవాబు: వందనాలు తమ్ముడూ. ముందు డబ్బు సంగతి చెబుతాను, అక్కడే నేను దెబ్బ తిన్నాను.

నీ చేతిలో భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం, నీ జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపేది 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందికి రాదు. పౌరసత్వం మారితే, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా నువ్వు విదేశీయుడివే. ఈ తేడా తెలియక, ఇక్కడి పౌరుడినయ్యాక కూడా టెక్కలి దగ్గర మా ఊరి సంఘానికి ఎప్పటిలాగే పంపాను. విదేశీయుల విరాళం తీసుకోవడానికి ఆ చట్టం కింద కావలసిన రిజిస్ట్రేషన్ వారికి లేదు. పాపం, సంఘపెద్దలు నెలల తరబడి బ్యాంకు చుట్టూ తిరిగారు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకు పంపి అక్కడి నుంచి ఇప్పిద్దామంటే, 2020 సవరణ ఆ దారీ మూసేసింది. ఇక్కడి సంఘంవారు చందాలు పోగుచేసి నీ ఖాతా నుంచి పంపమంటే మాత్రం ఒప్పుకోకు. అది నీ సొమ్ము కాదు.

ఇక ఆ డబ్బుతో ఏం చేయాలి? బైబిళ్లు అంటారు మన పాస్టర్లు. ఇవ్వనీ, కాదనను. కానీ పెద్ద శిక్షలు పడ్డవారు విశాఖ కేంద్ర కారాగారానికి వెళ్తారు. విజయనగరం సబ్‌జైలులో కనిపించేది ఎక్కువగా విచారణ ఖైదీలే. దేశం మొత్తం మీద చూసినా 2022 చివరికి ఖైదీల్లో నాలుగింట మూడొంతుల మంది వారే. బెయిలు వచ్చినా జామీనుదారు దొరక్క లోపలే ఉండిపోయేవాడికి ప్రార్థన తర్వాత కావలసింది కాగితాలు. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. బెయిలు సొమ్ము కట్టలేని పేదలకు సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది, మొదట్లో దాని పరిమితి 40 వేల రూపాయలు. అయితే గంజాయి కేసులకు అది వర్తించదు, ఒడిశా సరిహద్దున ఉన్న మనకు తరచూ వినబడేవేమో అవే. దరఖాస్తులు రాసిపెట్టే ఓపిక ఉన్న మనిషి ఒకరు పాస్టర్‌గారి పక్కన ఉన్నారా, అడుగు. సాలూరు అవతలి కొండ ఊరి నుంచి ములాఖత్‌కు వచ్చే తల్లికి బస్సు ఛార్జీ ఎవరిస్తున్నారో కూడా అడుగు.

ఇక్కడి జైలుకు నిక్షేపంగా వెళ్లు. జీతం లేని నిజమైన సేవకు హెచ్‌1బీ అడ్డు రాదు. నేర చరిత్ర లేదని పరిశీలిస్తారు, శిక్షణ ఇస్తారు, వేసుకునే బట్టల రంగు కూడా వాళ్లే చెబుతారు. ములాఖత్‌కు పళ్లు పట్టుకెళ్లే అలవాటు మనది, ఇక్కడ చూయింగ్ గమ్ ఇచ్చినా తప్పే. నా మొదటి ఏడాది ఒక కుర్రాడు, బాగున్నానని అమ్మకు ఫోను చేసి చెప్పమన్నాడు. చేశాను. ఆరు నెలలు నా ప్రవేశ కార్డు తీసేసుకున్నారు. బాధ కలిగింది గాని, నియమం ఎందుకుందో తర్వాత అర్థమైంది. అలాంటి ఫోనుతోనే సాక్షులను బెదిరించవచ్చు.

అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు చార్లెస్ కోల్సన్ వాటర్‌గేట్ కుంభకోణంలో ఏడు నెలలు జైలులో ఉండి వచ్చి, 1976లో ప్రిజన్ ఫెలోషిప్ అనే జైలు పరిచర్య సంస్థను స్థాపించాడు. ఆ సంస్థలో 1982లో ఒక మాజీ ఖైదీ, మహిళ, ఒక పని మొదలుపెట్టింది. ఖైదీ పిల్లలకు క్రిస్మస్ కానుక ఇస్తారు, దాత పేరుతో కాదు, జైలులో ఉన్న తల్లి పేరుతోనో తండ్రి పేరుతోనో. నాకు అన్నిటికంటే నచ్చిన పరిచర్య ఇదే. విజయనగరంలోనూ చేయవచ్చు. బడులు తెరిచే జూన్‌లో నోటుపుస్తకాల మీద నాన్న పేరు రాయించి ఇప్పించు. డబ్బు పాస్టర్‌గారి సొంత ఖాతాకు కాకుండా సంఘం ఖాతాకు పంపి, రసీదు అడుగు. ఆయన కొంచెం నొచ్చుకుంటారేమో, నొచ్చుకోనీ.