హార్డ్‌విక్ హాల్‌లో పై అంతస్తుకి వెళ్లేకొద్దీ కిటికీలు ఎందుకు పెద్దవవుతాయి?

అన్నిటికన్నా ముఖ్యమైన గదులు పై అంతస్తులో ఉండటమే కారణం. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో ఉన్న ఈ భవనాన్ని 1590లలో బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అనే సంపన్నురాలు కట్టించారు. ప్లాన్ గీసింది రాబర్ట్ స్మిత్‌సన్ అంటారు. కింద వంటిల్లు, పనివాళ్ల గదులు. మొదటి అంతస్తులో ఆవిడ రోజూ మసలే గదులు. రెండో అంతస్తు మాత్రం గొప్ప అతిథుల కోసం, కుదిరితే సాక్షాత్తూ రాణి మొదటి ఎలిజబెత్ కోసం (రాణి ఎప్పుడూ రాలేదు, అది వేరే సంగతి). అప్పట్లో గాజు చాలా ఖరీదు. అంత గాజు పెట్టారంటే ఆ ఇంటి స్తోమత దూరం నుంచే తెలిసిపోయేది.

మరి గోడ బలం మాటేమిటి? పొగగొట్టాల్లో చాలావాటిని భవనం మధ్యలో నిలబెట్టిన దిట్టమైన లోపలి గోడలోకి నెట్టేశారు. దాంతో బయటి గోడలో కిటికీలకి చోటు దొరికింది. నిజంగా తెలివైన పని.

రెండో అంతస్తులోని లాంగ్ గ్యాలరీ చూడండి. దాదాపు 50 మీటర్ల పొడవున్న హాలు, ఒక పక్కంతా నిలువెత్తు కిటికీలే.

బయటినుంచి కిటికీలా కనిపించినా లోపల గోడో పొగగొట్టమో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. కిటికీల పన్ను తప్పించుకోవడానికి మూసేశారని చాలామంది అనుకుంటారు. కానీ ఆ పన్ను 1696లో వచ్చింది, ఇల్లు పూర్తయిన దాదాపు వందేళ్లకి. బయటి వరుస నాలుగు వైపులా సమంగా కనబడాలని మొదట్లోనే అలా కట్టారు.