కిరాయి ఇల్లా, సర్కారు ఇల్లా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ నగరాల్లో కిరాయికి ఉంటున్నవాళ్లవే. ఒకేలాంటివి కలిపి, ఎక్కువమందికి పనికొచ్చేవాటికి వివరంగా జవాబిస్తున్నాం.

మా ఆయన అమీర్‌పేటలో బట్టల షాపులో పనిచేస్తారు. నేను నాలుగిళ్లలో పాచిపని చేస్తాను. ఒక్కో ఇంటికి 3,000 ఇస్తారు. ఇంటి కిరాయి 6,500. ఇప్పుడు నగరం బయట సర్కారు డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది. దాన్ని ఇంకొకరికి కిరాయికి ఇచ్చి మేం ఇక్కడే ఉండొచ్చా? – ఒక పాఠకురాలు, బోరబండ

ఇవ్వకూడదమ్మా. ఆ ఇల్లు మీ పేరున ఉంటుంది, మీ తర్వాత పిల్లలకు వస్తుంది. కానీ అమ్మడం, కిరాయికివ్వడం షరతులకు విరుద్ధం. తనిఖీకి వచ్చినప్పుడు లోపల వేరేవాళ్లు కనిపిస్తే ముందు నోటీసు, తర్వాత రద్దు. మీ దగ్గర కిరాయికి దిగినవాళ్లూ అదే రోజు రోడ్డున పడతారు, వాళ్లు అడ్వాన్సు తిరిగి ఇమ్మని మీ మీదికే వస్తారు.

మీ అసలు ప్రశ్న మాత్రం చాలా న్యాయమైనది. వెళ్తే మిగిలేదెంత, పోయేదెంత అని కాగితం మీద వేసుకోండి. కిరాయి మిగులు 6,500. మీకు సిటీ బస్సు ఉచితమే, మీ ఆయనకు కాదు. రానూపోనూ 80 రూపాయలనుకుంటే 26 రోజులకు 2,080. అన్నిటికంటే పెద్దది మీ పని. పొద్దున ఆరింటికి మొదలయ్యే రెండిళ్లు అంత దూరం నుంచి చేయలేరు, అంటే 6,000 పోయినట్టే. మొత్తం 8,080 పోయి 6,500 మిగులుతోంది. మెయింటెనెన్సు దీనికి అదనం.

ఇది మీ ఒక్కరి లెక్క కాదు. పథకం లెక్కలో ఇన్ని ఇళ్లు కట్టాం అని మాత్రమే ఉంటుంది. ఆ ఇంటి నుంచి పనికెలా వెళ్తారన్నది ఏ పత్రంలోనూ ఉండదు. 2023 జూన్‌లో ప్రారంభించిన, నగర శివారు కొల్లూరులోని సర్కారు కాలనీలో 15,660 ఇళ్లున్నాయి. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లోనో, తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలోనో పని దొరికినవాళ్లకు అది వరం. సికింద్రాబాద్‌లోనో పాతబస్తీలోనో బతుకుదెరువు ఉన్నవాళ్లకు అదే ఇల్లు రోజుకు మూడు నాలుగు గంటల ప్రయాణం. బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో ఉన్నచోటే 396 ఇళ్లు కట్టారు, ఎవరి పనీ పోలేదు. అలా కట్టాలంటే బస్తీ ఖాళీ చేయించాలి, కట్టినన్నాళ్లు జనం ఎక్కడో కిరాయికుండాలి. ఆ చిక్కు వద్దనుకుని ఊరవతల ఖాళీ జాగా వెతుకుతారు. మా అభిప్రాయంలో ఆ చిక్కు పడటమే మేలు.

నిర్ణయించుకునే ముందు ఆదివారం కాకుండా పనిదినం పొద్దున ఆరింటికి అక్కడికి వెళ్లి చూడండి. మొదటి బస్సు ఎప్పుడు, రాత్రి చివరిది ఎప్పుడు, నీళ్లు రోజూ వస్తాయా, దగ్గర్లో బడి, రేషన్ దుకాణం ఉన్నాయా అని ఇప్పటికే చేరినవాళ్లను అడగండి. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్‌లను పని గురించి అడగండి. రెండిళ్లు అక్కడ కుదిరితే లెక్క తిరగబడుతుంది.

ఇంకొకటి: లిఫ్టు. వంద ఇళ్ల బ్లాకులో తలా 300 కడితే నెలకు 30,000 వస్తుంది. సగంమంది కట్టకపోతే మొదట మూలపడేది లిఫ్టే. లిఫ్టు లేదని పైఅంతస్తులవాళ్లు కట్టడం మానేస్తారు. ఆ తర్వాత మోటారు కరెంటు బిల్లు ఆగుతుంది, నీళ్లు ఎక్కవు. సొసైటీని తాళంచెవులు అందుకున్న నెలలోనే పెట్టుకోండి, ఏడాది పోయాక పాతబాకీలు ఎవరూ కట్టరు.

ఇందిరమ్మ ఇల్లుకు దరఖాస్తు పెట్టాను. నా పేరు ఎల్-2లో ఉందంటున్నారు. దీని అర్థమేమిటి? – చింతల్ నుంచి ఒకరు

సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1, జాగా కూడా లేనివాళ్లు ఎల్-2. తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన ఈ పథకంలో ఇచ్చే 5 లక్షలు సొంత జాగాలో కట్టుకునేవాళ్లకు, కట్టడం ముందుకు సాగేకొద్దీ విడతలుగా వస్తాయి. మీకు ముందు జాగా చూపించాలి, లేదా కట్టిన ఇల్లివ్వాలి. హైదరాబాద్‌లో జాగా లేని కిరాయిదారులే ఎక్కువ, వాళ్లకివ్వడానికి సర్కారు భూమే తక్కువ. అందుకే పల్లెల్లో ఇళ్లు లేస్తుంటే మీ వరుస కదలట్లేదు.

మీ చేతిలో ఉన్నది దరఖాస్తు చెడిపోకుండా చూసుకోవడం. కిరాయిదారులకు ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇల్లు మారడం. సర్వేకు వచ్చినవాళ్లు పాత చిరునామాకు వెళ్తారు, తాళం ఉందనో, ఇక్కడ లేరనో రాసుకుపోతారు. మారిన ప్రతిసారీ కొత్త చిరునామా, ఫోన్ నంబరు వార్డు కార్యాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఆధార్‌కు లింకైన నంబరు మార్చకండి. ఎల్-2 నుంచి పైకి జరుపుతామని డబ్బు అడిగేవాళ్లకు ఒక్క రూపాయీ ఇవ్వొద్దు.

రాతకోతలేమీ లేకుండా మూడేళ్లుగా 7,000 కిరాయికి ఉంటున్నాం. వారంలో ఖాళీ చేయాలి, లేకపోతే సామాను బయట పెట్టి తాళం వేస్తానని ఓనరు అంటున్నారు. – మల్కాజిగిరి

వేయలేరు. అగ్రిమెంటు లేకపోయినా మీరు నెలనెలా కిరాయిదారులే. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఓనరు 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. గడువు దాటాక కూడా మీరు కదలకపోతే ఆయన కోర్టుకు వెళ్లాలే తప్ప తాళం పట్టుకోకూడదు. బలవంతంగా బయటికి పంపితే ప్రత్యేక ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేసి ఇల్లు తిరిగి పొందొచ్చు. ఆరు నెలలు దాటితే ఆ దారి మూసుకుపోతుంది, ఆలస్యం చేయకండి.

అద్దె నియంత్రణ చట్టం మీకు వర్తించదా అని కూడా అడిగారు. 1960 నాటి ఆ చట్టం ఇప్పటికీ ఉంది. దాని కింద ఓనరు ఖాళీ చేయించాలంటే బాకీ పడ్డారనో, తనకే అవసరమనో తగిన కారణం రుజువు చేయాలి. కానీ 2005 సవరణతో కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 దాటిన కిరాయిలు అందులోంచి బయటికి వెళ్లాయి. ఈ రోజుల్లో హైదరాబాద్‌లో ఒంటిగదికీ అంతకంటే ఎక్కువే. పేదల కోసం ఉన్న రక్షణ పేదలకే అందకుండా పోయింది. ఇరవై ఏళ్లుగా ఆ అంకె మీద చర్చే జరగకపోవడం బాధాకరం.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఈ నెల కిరాయి నగదుగా ఇవ్వకండి. యూపీఐతో పంపి, నోట్‌లో ‘ఫలానా నెల ఇంటి కిరాయి’ అని రాయండి. ఆయన నంబరు బ్లాక్ చేస్తే బ్యాంకు ఖాతాకు వేయండి. గ్యాస్ బిల్లు, పిల్లల స్కూలు రసీదు, ఆధార్‌లలో ఈ చిరునామా ఉన్నవన్నీ ఒకచోట పెట్టుకోండి. మీరు అక్కడ ఉంటున్నారని చెప్పేవి అవే. బెదిరింపు ఫోన్‌లో వస్తే, ‘మీరు వారంలో ఖాళీ చేయమన్నారు, నోటీసు ఇవ్వండి’ అని వాట్సాప్‌లో జవాబు పెట్టండి. కిరాయి బాకీ మాత్రం పడొద్దు, బాకీ ఉంటే కోర్టులో మీ మాట తేలికవుతుంది. 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ వాళ్లు ఉచితంగా వకీలును పెడతారు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు దీనికి ఆదాయ పరిమితి లేదు. అందుకే ఇంట్లో ఆడవాళ్ల పేరున అర్జీ పెట్టండి.

మా బిల్డింగ్‌లో ఆరు పోర్షన్లు, ఒకటే మీటరు. యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేస్తున్నారు. ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి మాకు రాదా? – యూసుఫ్‌గూడ

గృహజ్యోతి కిరాయిదారులకూ వర్తిస్తుంది, కానీ ఆ లెక్క మీటరుకే. తలా 90 యూనిట్లు వాడినా మీటరు మీద 540 అవుతుంది. ఉచితం 200 యూనిట్ల వరకే కాబట్టి ఆరు కుటుంబాల్లో ఒక్కరికీ రాదు. పైగా వాడకమంతా కలిసి పైస్లాబుకు వెళ్తుంది, తక్కువ వాడేవాళ్లే ఎక్కువ రేటు కడతారు. ఓనరు పెట్టిన సబ్‌మీటరుకు సర్వీసు నంబరు ఉండదు, పథకానికి అది లెక్కలోకి రాదు.

వేర్వేరు మీటర్లకు ఓనరు సంతకం కావాలి. ఖర్చు తామే పెట్టుకుంటామని ఆరుగురూ కలిసి అడగండి. ఒక్కరే అడిగితే ఖాళీ చేయమంటారు. మీటరు వచ్చాక రేషన్ కార్డు, ఆధార్, ఆ మీటరు సర్వీసు నంబరుతో దరఖాస్తు చేయండి. ఇల్లు మారితే పాత నంబరు తీయించి కొత్తది ఎక్కించుకోవాలి. ఇది మరిచిపోతే మీ పేరున పాత ఇంట్లో ఎవరో వాడుకుంటారు, కొత్తచోట మీకు పూర్తి బిల్లు వస్తుంది.

టిడ్కో ఇంటికి నా పేరున బ్యాంకు రుణం తీసుకున్నారు. ఇల్లు చేతికి రాలేదు. ఇక్కడ అద్దె కడుతూనే ఉన్నాం, ఇప్పుడు వాయిదాలు కట్టమని నోటీసు వచ్చింది. – విజయవాడ

ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకు సర్కారు కట్టించే టిడ్కో ఇళ్లలో 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లున్నాయి. బ్యాంకు రుణంతో ముడిపడ్డవి 365, 430. ఇల్లు పూర్తయ్యేలోపే మారటోరియం, అంటే వాయిదాలు కట్టక్కర్లేని గడువు అయిపోవడంతో చాలామందికి మీలాగే నోటీసులు వచ్చాయి. అద్దె, వాయిదా రెండూ ఒకే జీతంలోంచి కట్టమనడం అన్యాయమే. అలాగని నోటీసును పక్కన పడేస్తే మాత్రం ఖాతా మొండిబాకీలోకి వెళ్తుంది, రేపు డ్వాక్రా రుణానికో బండి లోనుకో వెళ్లినప్పుడు అదే అడ్డొస్తుంది.

ముందు బ్యాంకులో లోన్ స్టేట్‌మెంట్ తీసుకోండి. డబ్బు ఎప్పుడు విడుదలైంది, మారటోరియం ఎప్పుడు ముగిసింది, వడ్డీ ఎంత కలిపారు అన్నవి చూడండి. ఇల్లు స్వాధీనం చేయలేదని, రుణం వాయిదాల గడువు మార్చి సర్దుబాటు చేయమని మేనేజరుకు, అదే నకలు మున్సిపల్ కమిషనర్‌కు ఇచ్చి ముద్ర వేయించుకోండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఉచితం. వివరాలకు 14448. క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా తీసుకుని మీ పేరున ఏముందో చూసుకోండి.

విసిగిపోయి ఇల్లు వద్దని రాసిచ్చే ముందు ఒక్క క్షణం ఆగండి. 2024లో వచ్చిన పీఎం ఆవాస్ పట్టణ పథకం రెండో దశలో, గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ గృహ పథకంలోనైనా లబ్ధి పొందినవాళ్లు అనర్హులు. మీరు వదులుకున్నా కంప్యూటర్‌లో మీ ఆధార్ లబ్ధిదారుగానే ఉండిపోతే కొత్త ఇల్లూ రాదు. కేటాయింపు రద్దు ఉత్తర్వు, బ్యాంకు నుంచి బాకీ లేదనే నో డ్యూ లెటర్ – రెండూ చేతికొస్తేనే వదలండి.

‘అఫర్డబుల్ హౌసింగ్, ఒక్క శాతం జీఎస్టీ’ అని ప్రకటనలు చూస్తున్నాం. నెలకు 25,000 వచ్చేవాళ్లు కొనగలరా? – కూకట్‌పల్లి

కొనలేరు. ఆ ఒక్క శాతం రేటుకు పరిమితి 45 లక్షలు. హైదరాబాద్‌లాంటి మహానగరంలో కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి వైశాల్యం 60 చదరపు మీటర్ల లోపు ఉండాలి. 45 లక్షల ఇంటికి 9 లక్షలు చేతినుంచి కట్టి, 36 లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే వాయిదా సుమారు 31,000. మీ జీతం కంటే ఎక్కువ.

ప్రభుత్వమే తక్కువ అద్దెకు ఇళ్లు కట్టి ఇవ్వొచ్చు కదా? – విశాఖపట్నం, మధురవాడ

ఇవ్వొచ్చు, ఇవ్వాలి. 2020లో లాక్‌డౌన్‌లో వలస కూలీలు కాలినడకన ఊళ్లకు వెళ్లాక, కేంద్రం అందుబాటు అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది. ఖాళీగా పడిఉన్న సర్కారు ఇళ్లను బాగుచేసి 25 ఏళ్లపాటు అద్దెకు నడపడం ఒక పద్ధతి, సంస్థలు సొంత భూమిలో కట్టడం ఇంకోటి. ఇప్పటి పీఎం ఆవాస్ రెండో దశలోనూ అద్దె ఇళ్లు ఒక భాగం. అయినా మన నగరాల్లో మనకు కనిపించేవన్నీ పట్టాలూ తాళంచెవులే. పట్టా పంచితే పని ఒక్కరోజులో అయిపోతుంది. అద్దె ఇల్లు నడపాలంటే నెలనెలా వసూళ్లు, రిపేర్లు, ఖాళీలు చూసుకునే మనుషులు ఏళ్లతరబడి ఉండాలి. మున్సిపాలిటీలు ఆ బరువు ఎత్తుకోవడానికి సిద్ధంగా లేవు.

కొరత లెక్క చూస్తే అద్దె ఇళ్ల అవసరం తెలుస్తుంది. 2012లో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో 1.878 కోట్ల ఇళ్లు తక్కువన్నది. అందులో 96 శాతం పేద, అల్పాదాయ కుటుంబాలవే. కానీ అత్యధికులు ఇల్లే లేనివాళ్లు కాదు, దంపతులకు విడిగా గది కూడా లేకుండా ఇరుకు ఇళ్లలో ఉంటున్నవాళ్లు. మరోవైపు 2011 జనగణన పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయన్నది. ఇరుకు గదిలో ఉన్న కుటుంబానికి పని దగ్గర ఇంకో గది దొరికితే చాలు. ఆ గదిని చౌకగా, భరోసాగా అద్దెకిచ్చే ఏర్పాటు మన దగ్గర లేదు.

అద్దె చట్టం గురించి కూడా అడిగారు. 2021 జూన్‌లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంటుంది, గొడవలకు ప్రత్యేక అద్దె కోర్టులు పెట్టమంటుంది. అయితే అది నమూనానే, రాష్ట్రం సొంత చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. ఆంధ్రప్రదేశ్ కొత్త అద్దె చట్టం తెచ్చుకుంది, తెలంగాణలో పాత 1960 చట్టమే నడుస్తోంది.

ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో నెల కిరాయి పెయింటింగ్‌కని కోస్తారు. ఒప్పుకోవాలా? – ఉప్పల్

అగ్రిమెంటులో రాసి సంతకం చేసి ఉంటే తప్పదు. అందుకే 11 నెలల అగ్రిమెంటు రాసుకునేటప్పుడే ఆ వాక్యం కొట్టేయమనండి, లేదా ‘రెండేళ్ల లోపు ఖాళీ చేస్తే మాత్రమే’ అని చేర్పించండి. మామూలుగా అందరూ 11 నెలలకే రాసుకుంటారు. ప్రతిసారీ కొత్తగా రాసుకుంటారు కాబట్టి ఈ మార్పు చేయించే వీలు మీకూ ప్రతిసారీ ఉంటుంది. అందులో ఏమీ రాయకపోతే, గోడలు మామూలు వాడకానికి మాసినందుకు డబ్బు కోయడానికి ఆధారం లేదు. దిగే రోజే ప్రతి గది గోడలు, బాత్రూం నల్లాలు, వంటగట్టు వీడియో తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. ఖాళీ చేసే నెలలో కరెంటు, నీళ్ల బిల్లులు కట్టిన రసీదులు చూపించి, తాళంచెవి ఇచ్చేది, అడ్వాన్సు తీసుకునేది ఒకేసారి జరిగేలా చూసుకోండి.