వచ్చినవాళ్లు సరే, రానివాళ్ల సంగతేమిటి?

విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులూ సిబ్బందీ కలిసి చేసుకునే ఆరోగ్య కార్యక్రమాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఆరింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. తమ పేరు, సంస్థ పేరు ప్రచురించవద్దని చాలామంది కోరారు కనుక ఎవరివీ ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా విద్యార్థి సంఘం ఏటా ఆరోగ్య వారోత్సవం జరుపుతుంది. యోగా, పరుగు, రక్తపోటు పరీక్షలు, నిపుణుల ప్రసంగాలు ఉంటాయి. హాలు నిండిపోతుంది. వారం గడిచాక అంతా మామూలే. దీనివల్ల ప్రయోజనం ఉందో లేదో తెలుసుకోవడం ఎలా?
– సంఘ కార్యదర్శి

జవాబు: హాలు నిండిందని సంతోషించే ముందు, ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఎవరో ఒకసారి చూడండి. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా-షాంపేన్ ప్రాంగణంలో 2016లో మొదలైన ఒక అధ్యయనం మీరడిగిన ప్రశ్ననే పరీక్షించింది. దాదాపు 5,000 మంది ఉద్యోగులను తీసుకుని, లాటరీ పద్ధతిలో కొందరికి ఆరోగ్య పరీక్షలు, తరగతులు, పాల్గొన్నందుకు నగదు ప్రోత్సాహకం ఇచ్చారు, మిగిలినవారికి ఇవ్వలేదు. పాల్గొన్నవారినీ పాల్గొననివారినీ పక్కపక్కన పెట్టి చూస్తే కార్యక్రమం బ్రహ్మాండంగా పనిచేసినట్టే కనిపించింది. లాటరీలో అవకాశం దక్కినవారందరినీ దక్కనివారందరితో పోల్చేసరికి మాత్రం ఆ తేడా దాదాపుగా మాయమైంది. మొదటి ఏడాది ముగిసేనాటికి వైద్య ఖర్చులోనూ, ప్రాంగణంలోని వ్యాయామశాలకు వెళ్లడంలోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. పాల్గొన్నవారికి అంతకుముందు నుంచే వైద్య ఖర్చు తక్కువ. అంటే కార్యక్రమం వారిని ఆరోగ్యవంతులను చేయలేదు, ఆరోగ్యవంతులే కార్యక్రమానికి వచ్చారు.

ఈ సంగతి నాకు చదివి తెలిసింది కాదు, తల బొప్పి కట్టి తెలిసింది. విద్యార్థి సంక్షేమ విభాగంలో పనిచేసే రోజుల్లో ఒక సెమిస్టరంతా ఉదయం ఆరు గంటలకు యోగా తరగతి నడిపాను. రోజూ అవే ముఖాలు. ఎక్కువమంది అంతకుముందే ఇంట్లో ఆసనాలు వేసే అలవాటున్నవాళ్లు. పరిపాలన భవనంలో పనిచేసే మహిళా ఉద్యోగుల్లో ఒక్కరూ రాలేదు. ఆసక్తి లేదనుకున్నాను. చివరికి ఒక జూనియర్ అసిస్టెంటును అడిగితే, "ఆరింటికి నేను ఇంట్లో ఎవరినో ఒకరిని లేపుతూ ఉంటానండీ. అందరినీ పంపించి బస్సెక్కేసరికే తొమ్మిదవుతుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇరవై నిమిషాలు మాకంటూ ఉంటాయి, అప్పుడు పెట్టరాదూ?" అన్నారు. తిన్న వెంటనే ఆసనాలు కుదరవు కనుక యోగా మానేసి, గ్రంథాలయ భవనం చుట్టూ నిదానంగా నడక పెట్టాం. మొదటిరోజు ఒకామె చంకలో ఫైలు పెట్టుకునే వచ్చారు, నడక అయిపోగానే సంతకానికి వెళ్లాలట. ఆ ఫైలును చూశాక నాకు ఆసక్తి లేనిది ఎవరికో అర్థమైంది.

కాబట్టి వారోత్సవం మానుకోనక్కర్లేదు గానీ, దాన్ని ప్రకటనగా వాడుకోండి. ఆ వారంలో రానివాళ్లలో ఒక పాతికమందిని, ముఖ్యంగా సాయంత్రం కోర్సుల విద్యార్థులను, భద్రతా సిబ్బందిని, ప్రయోగశాల సహాయకులను, స్వయంగా కలిసి ఏ వేళ, ఏ చోటు అయితే వీలవుతుందో అడగండి. ప్రయోజనం కొలవాలంటే హాజరు మొత్తాన్ని లెక్కపెట్టకండి. కొత్తగా వచ్చినవాళ్లెందరు, వాళ్లలో ఆరు వారాల తర్వాత కూడా వస్తున్నవాళ్లెందరు అన్న రెండు అంకెలు రాసుకుంటే చాలు.

ప్రశ్న: నేను బోధనేతర సిబ్బందిని. ఆచార్యులు, అధికారులు వచ్చే తరగతికి వెళ్లాలంటే మొహమాటంగా ఉంటుంది. విద్యార్థుల ముందు చేతులూ కాళ్లూ ఊపడం మరీ ఇబ్బంది. మాకు వేరుగా పెట్టమని అడగవచ్చా?
– ప్రయోగశాల సహాయకుడు

జవాబు: నిస్సందేహంగా అడగవచ్చు, ముఖ్యంగా వ్యాయామం విషయంలో. బరువు, రక్తపోటు, చక్కెర వంటివి కొలిచే చోట అయితే అడగనక్కర్లేకుండానే చాటు ఉండాలి. పై అధికారి వరుసలో వెనక నిలబడి ఉండగా మన అంకెను బిగ్గరగా చదివి వినిపించే శిబిరాలను నేను చూశాను. అలాంటిచోటికి ఒకసారి వెళ్లినవాడు మరోసారి వెళ్లడు.

అయితే అన్నీ వేరు చేసుకోవద్దని కూడా నా మనవి. హోదా పక్కకు తప్పుకునే పనులు కొన్ని ఉన్నాయి. వాటిలో కలిసి పాడటం మొదటిది. బ్రిటన్‌లో వయోజనుల తరగతులను ఏడు నెలలపాటు గమనించి 2015లో ప్రచురించిన ఒక పరిశోధనలో, చేతిపనులు, రచన నేర్చుకున్న బృందాల కంటే పాటల బృందాల్లోని వారు ఒకరికొకరు త్వరగా దగ్గరయ్యారని తేలింది. ఏడో నెలకు మిగతా బృందాలూ అదే స్థాయికి చేరాయి, కాకపోతే పాటకు ఆలస్యం పట్టలేదు. మా పాటల బృందంలో ఒక ఉన్నతాధికారి ప్రతి పల్లవినీ అరక్షణం ముందే ఎత్తుకునేవారు. ఆయన ఎత్తుకోబోయే సమయానికి, వరండాలు ఊడ్చే ఆవిడ చెయ్యి పైకెత్తి "ఆగండి" అన్నట్టు సైగ చేసేవారు, ఆయన ఆగేవారు. ఆ సైగ చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొక్కలు నాటడం, నడక కూడా ఇలాంటివే. మీరు వ్యాయామానికి వేరు తరగతి అడగండి, పాటకో తోటపనికో అందరితో కలిసి వెళ్లండి.

ప్రశ్న: మా విశ్వవిద్యాలయంలో రోజుకు 10,000 అడుగుల పోటీ పెట్టారు. విభాగాలవారీగా పట్టిక వేసి రోజూ పంపుతున్నారు. మోకాళ్ల నొప్పుల వల్ల నేను నాలుగు వేలు దాటలేకపోతున్నాను. నా మూలంగా మా విభాగం అడుగున ఉంటోంది.
– అసోసియేట్ ప్రొఫెసర్

జవాబు: ఆ 10,000 అన్న అంకె వైద్యశాస్త్రం లెక్కగట్టినది కాదు. 1965లో జపాన్‌లో ఒక సంస్థ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మకానికి పెట్టి, "పదివేల అడుగుల మీటరు" అనే అర్థంలో దానికి "మాన్పో-కే" అని పేరు పెట్టింది. పలకడానికి గుండ్రంగా ఉన్న అంకె కాబట్టి లోకమంతా పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో అడుగుల లెక్కే లేదు: పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానితోపాటు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని చెప్పింది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులతో మొదటిది తీరుతుంది. అది నడకే కానక్కర్లేదు; మోకాళ్ల మీద భారం పడని ఈత, కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామం కూడా లెక్కలోకే వస్తాయి. మీ మోకాళ్లకు ఏది తగునో మీ వైద్యుడు చెప్పాలి, పట్టిక కాదు.

నిర్వాహకులు కూడా ఈ జవాబు చదువుతారన్న ఆశతో ఒక ఉదాహరణ చెబుతాను. 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో 13 మంది అయిదు కిలోమీటర్లు పరిగెత్తారు. ఇప్పుడు పార్క్‌రన్ అనే పేరుతో అనేక దేశాల్లో వారంవారం జరిగే ఉచిత కార్యక్రమానికి అదే మొదలు. అందులో ఒక చక్కటి ఏర్పాటుంది: ఒక స్వచ్ఛంద కార్యకర్త అందరికంటే వెనక నడుస్తారు, ఆఖరున గీత దాటేది ఎప్పుడూ ఆయనే లేదా ఆమే. అందువల్ల వచ్చినవాళ్లలో ఎవరూ "చిట్టచివరివారు" కారు. మీ పట్టికలో విభాగాల వరుసను తీసేసి, ఈ వారం ఎందరు పాల్గొన్నారన్న ఒక్క అంకె ఉంచమని పోటీ నిర్వాహకులకు రాయండి. మీ మోకాళ్ల ప్రస్తావన కూడా అక్కర్లేదు.

ప్రశ్న: పరీక్షల ముందు శిక్షణ పొందిన కుక్కలను తీసుకొస్తే ఒత్తిడి తగ్గుతుందంటారు. నిజమేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని

జవాబు: ఆ కాసేపటికి నిజమే. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 249 మంది విద్యార్థులతో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పది నిమిషాలు జంతువులను నిమిరిన వారి లాలాజలంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ మిగతావారి కంటే తగ్గినట్టు తేలింది. అలెర్జీ ఉన్నవారికి, కుక్కలంటే భయపడేవారికి వేరే గది చూడండి. కుక్కలూ అలసిపోతాయని మరవకండి. సిలబస్ మాత్రం తగ్గదు.

ప్రశ్న: పరిశోధన విద్యార్థిని. రాత్రి పది వరకు ప్రయోగశాలలో ఉండాలి. "ఒత్తిడిని జయించండి" అనే ధ్యాన శిబిరం సర్క్యులర్ మాకు ఆదివారం రాత్రి వచ్చింది. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీరూ ధ్యానం చేయమనే చెబుతారా?

జవాబు: చెప్పను. ధ్యానం మీద నాకు గౌరవం ఉంది, ఆదివారం రాత్రి వచ్చే సర్క్యులర్ మీద లేదు. బ్రిటన్‌లో 233 సంస్థలకు చెందిన 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని విశ్లేషించి 2024లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ధ్యాన శిక్షణ, ఒత్తిడి నిర్వహణ తరగతులు, యాప్‌ల వంటివాటిలో పాల్గొన్నవారు పాల్గొననివారి కంటే మెరుగ్గా ఏమీ లేరు. మినహాయింపుగా కనిపించినది ఒక్కటే: స్వచ్ఛంద సేవకు అవకాశం పొందినవారు కాస్త మెరుగ్గా ఉన్నారు. పనిభారాన్ని అలాగే ఉంచి, దాన్ని మోసేవాడికి ఊపిరి పీల్చడం నేర్పితే బరువు తగ్గదని దీన్నిబట్టి నేను అర్థం చేసుకున్నాను.

ఈ సంగతిని విశ్వవిద్యాలయాల లోకం ఎప్పుడో ఒప్పుకుంది. 2015లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయపు ఒకనాగన్ ప్రాంగణంలో జరిగిన అంతర్జాతీయ సదస్సు నుంచి వెలువడిన ఒకనాగన్ చార్టర్, ఆరోగ్యాన్ని ప్రాంగణ జీవితంలోని అన్ని పార్శ్వాల్లో, అంటే పరిపాలనలోనూ, నిర్వహణలోనూ, బోధనలోనూ కూడా, ఇమడ్చమని కోరింది. దాన్ని మీ ప్రయోగశాల భాషలోకి మారిస్తే ఇలా ఉంటుంది: నివేదికల గడువు అర్ధరాత్రికి బదులు సాయంత్రం అయిదుకు ముగియాలి, సమావేశాలు ఆరు తర్వాత పెట్టకూడదు, సెలవు ఎన్నాళ్లో, ఎవరిని అడగాలో రాతపూర్వకంగా ఉండాలి. వీటిలో ఏ ఒక్కదానికీ నిధులు అక్కర్లేదు. మీరొక్కరే మీ పర్యవేక్షకుడిని అడగడం కష్టమని నాకు తెలుసు, అలా అడగమని సలహా ఇవ్వను. విభాగంలోని పరిశోధన విద్యార్థులంతా కలిసి, మూడు కోరికలకు మించకుండా, విభాగాధిపతికి లేఖ ఇవ్వండి. ఆరోగ్య కార్యక్రమాల సంఘం మీ దగ్గర ఉంటే ఆ లేఖ ప్రతిని దానికీ పంపండి. అసలు ఆ సంఘం చేయవలసిన పని ఇది.

ప్రశ్న: హాస్టల్ వార్డెన్‌ని. మొదటి సంవత్సరం అబ్బాయి ఒకడు మెస్‌కు, ఆటలకు రావడం మానేశాడు. విద్యార్థి వలంటీర్లను పంపవచ్చా? వాళ్లు ఎంతవరకు చేయవచ్చు? ఆ వలంటీర్ల బృందం కూడా వాళ్లను నడిపే సీనియర్ వెళ్లిపోతే ఉంటుందో ఊడుతుందో తెలియదు.

జవాబు: ముందుగా ఆ అబ్బాయి సంగతి. ఎనిమిది దేశాల్లోని 19 విద్యాసంస్థల్లో దాదాపు 14,000 మంది మొదటి సంవత్సరం విద్యార్థులను అడిగి 2018లో ప్రచురించిన సర్వేలో, ప్రతి నూరుమందిలో 35 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మానసిక సమస్య లక్షణాలు ఉన్నట్టు తేలింది. కాబట్టి వాడు వింతవాడు కాడు, ఒంటరివాడూ కాడు, అలా అనుకుంటూ ఉండవచ్చు అంతే. వలంటీరును పంపండి, అయితే "నీకు ఏదో అయిందట" అనే మాటతో కాదు. "మూడు రోజులుగా నీ ప్లేటు నా పక్కన లేదు, అందుకని వచ్చాను" అని, చూసిన విషయాన్ని చూసినట్టు చెబితే తలుపు తెరుచుకునే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత వినడమే పని. సలహాలు వద్దు.

వలంటీరు హద్దు కౌన్సెలర్ గది గుమ్మం. అక్కడిదాకా తోడు వెళ్లాలి, బయట కూర్చోవాలి. చనిపోవాలన్న మాట వినిపించినా, అనుమానం కలిగినా నేరుగానే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం నిజం కాదు. ఆ మాట బయటపడితే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు, అతన్ని ఒంటరిగా వదలకూడదు, వెంటనే మీకూ వైద్యులకూ కబురు అందాలి. ఇవన్నీ నేర్పే మానసిక ఆరోగ్య ప్రథమ చికిత్స శిక్షణ 2000లో ఆస్ట్రేలియాలో మొదలై అనేక దేశాలకు చేరింది. విద్యార్థులతోపాటు మీ కాపలాదారులకూ, మెస్ సిబ్బందికీ ఇప్పించండి, ఎవరు తినడం లేదో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే.

ఇక సీనియర్ వెళ్లిపోతే అన్నారు. విద్యార్థులు నడిపే బృందాలన్నిటికీ ఉన్న జబ్బే ఇది: నడిపినవాడు పట్టా పుచ్చుకోగానే బృందం అటకెక్కుతుంది. ఒక బృందానికి ఇద్దరు బాధ్యులుండాలని నా అనుభవం, ఒకరు రెండో సంవత్సరం విద్యార్థి, మరొకరు ఇంకా చాలా ఏళ్లు అక్కడే ఉండే ఉద్యోగి. గది తాళంచెవి, ఎవరిని ఎప్పుడు పిలవాలో ఫోను నంబర్లు రాసిన నోటుపుస్తకం ఉద్యోగి దగ్గర ఉండాలి. చివరి పరీక్షలకు రెండు నెలల ముందే కొత్త విద్యార్థికి బాధ్యత అప్పగించి, పాతవాణ్ణి ఆ రెండు నెలలూ పక్కన మామూలు సభ్యుడిగా కూర్చోబెట్టండి. ఇద్దరు బాధ్యులూ ఒకే వారం సెలవు పెట్టకుండా చూసుకోండి.