కాంతి కదిలిస్తుందా, ఫైటోక్రోమ్ వెళ్తుందా?

సందేహం: ఇంటర్ పిల్లల కోసం వృక్షశాస్త్ర పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. ‘కణంలో కాంతి గ్రాహకాల కదలిక కాంతి చేత నియంత్రించబడుతుంది. ఎరుపు కాంతిలో ఫైటోక్రోమ్ కేంద్రకంలోకి కదిలించబడుతుంది’ అని రాశాను. ఇది తెలుగులా లేదని తోటి లెక్చరర్ అన్నారు. ఇందులో తప్పేమిటి?

సమాధానం: వ్యాకరణం తప్పు కాదు. అయినా మీ తోటి లెక్చరర్ చెప్పింది నిజం. కనబడు, వినబడు, నిలబడు లాంటివి మనం రోజూ అనే మాటలే. ‘ఫలానా దాని చేత కదిలించబడు’ అని మాత్రం ఎవరూ మాట్లాడరు. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఈ వాక్యం విషయాన్నే తప్పుగా చెబుతోంది.

ఫైటోక్రోమ్ అంటే మొక్కల్లో ఎరుపు కాంతిని గ్రహించే ప్రోటీన్; అందులో ఎ, బి లాంటి రకాలున్నాయి. మొలక చీకట్లో ఉన్నంతసేపు ఫైటోక్రోమ్ బి చాలావరకు కణద్రవ్యంలోనే ఉంటుంది. దాదాపు 660 నానోమీటర్ల ఎరుపు కాంతి తగిలితే దాని ఆకారం మారుతుంది. ఆకారం మారిన అణువులు కేంద్రకంలోకి చేరి, కొన్ని గంటల్లో అక్కడ చిన్న చిన్న చుక్కల్లా పోగవుతాయి. ఎరుపుకు అవతలి అంచున ఉండే 730 నానోమీటర్ల కాంతి పడితే ఆకారం మళ్లీ మొదటికి వస్తుంది. అంటే కాంతి చేసే పని ఆకారం మార్చడం. అది ఫైటోక్రోమ్‌ను నెట్టదు, మోయదు. ‘కదిలించబడుతుంది’ అని చదివిన పిల్లవాడు కాంతే తోస్తోందని అనుకుంటాడు.

తెలుగులో మారు–మార్చు, చేరు–చేర్చు అనే జంటలు ఉన్నాయి కదా, ఇక్కడ వాటినే వాడుకోవాలి. కాంతి ఆకారాన్ని మారుస్తుంది, ఫైటోక్రోమ్ బి కేంద్రకంలోకి చేరుతుంది. ఫైటోక్రోమ్ ఎ సంగతి వేరు. దాన్ని ఎఫ్‌హెచ్‌వై1 అనే మరో ప్రోటీన్ పట్టుకుని నిమిషాల్లో లోపలికి తీసుకెళ్తుంది. అక్కడ ‘చేరుస్తుంది’ అనడమే సరి, ఎందుకంటే చేర్చేది నిజంగానే ఒకటుంది. బడు ప్రయోగంలో ఈ తేడా మొత్తం చెరిగిపోతుంది. నాకు బాధ కలిగించేది అదే.

‘నియంత్రించు’ కూడా ఇక్కడ నప్పదు. ధరల నియంత్రణ, ట్రాఫిక్ నియంత్రణ అన్నప్పుడు మనకు తట్టేది అదుపు, కట్టడి. కాంతి కదలికను నియంత్రిస్తుందంటే ఆపుతోందనే అర్థం ముందుగా వస్తుంది. ఇక్కడ జరిగేది దానికి విరుద్ధం. ‘బట్టి’ అనే చిన్న మాట చాలు. ‘కేంద్రకంలోకి కదులుతుంది’ అని కూడా రాయకండి. కదలడమంటే ఉన్నచోటు నుంచి జరగడం, గమ్యం చెప్పాలంటే వెళ్లు, చేరు కావాలి.

ఇలా రాసి చూడండి: ‘కణంలో కాంతి గ్రాహకాలు ఎక్కడ ఉంటాయన్నది వాటిపై పడే కాంతిని బట్టి ఉంటుంది. ఎరుపు కాంతికి ఫైటోక్రోమ్ బి ఆకారం మారి, అది కేంద్రకంలోకి చేరుతుంది. చీకట్లో మొలక కాడను సాగదీసే పిఫ్ ప్రోటీన్లను అక్కడ పట్టుకుంటుంది. అవి నశించడంతో కాడ సాగడం తగ్గి, ఆకులు విచ్చుకుని పచ్చబడతాయి.’

పాఠంలో నీలి కాంతిని గ్రహించే ఫోటోట్రోపిన్ కూడా ఉంటే దానికి వేరే క్రియ కావాలి. అది కణం పైపొరను అంటిపెట్టుకుని ఉంటుంది. నీలి కాంతి పడితే అందులో కొంత పొర నుంచి విడివడి కణద్రవ్యంలోకి వస్తుంది. కాబట్టి అక్కడ ‘చేరుతుంది’ కంటే ‘విడివడుతుంది’ ముందు రావాలి.