సన్‌రైజర్స్ అనే పేరు ఎక్కడిది?
ఐపీఎల్ జట్లకు పేర్లు ఎవరు పెడతారు, సన్‌రైజర్స్ అంటే ఏమిటి అని అడిగారు. పెట్టేది యజమానులే. ఊరి పేరుకు ఇంకో మాట తగిలిస్తారు, అందులో ఒక్కోసారి సొంత వ్యాపారం తొంగిచూస్తుంది.

2008లో హైదరాబాద్ జట్టు డెక్కన్ క్రానికల్ సంస్థది, అందుకే డెక్కన్ చార్జర్స్. 2009లో కప్పు కూడా కొట్టింది. 2012లో వాళ్ల ఒప్పందం రద్దయ్యాక హైదరాబాద్ ఫ్రాంచైజీ సన్ టీవీ నెట్‌వర్క్‌కు దక్కింది. పేరులోకి ‘సన్’ వచ్చేసింది.

బెంగళూరుది మరీ బాహాటం. అప్పట్లో విజయ్ మాల్యా కంపెనీ అమ్మిన రాయల్ చాలెంజ్ విస్కీయే రాయల్ చాలెంజర్స్ అయింది. టీవీలో మద్యం ప్రకటనలు వేయకూడదు కదా, తెలివైన ఎత్తే!

ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ మాత్రం ఊరిని వదిలేసి భాషను పట్టుకుంది. నాకైతే అదే నచ్చింది.