గేమింగ్ ల్యాప్‌టాప్ అమ్మేసి చిన్నది కొనుక్కోవచ్చా?

ప్రశ్న: నాలుగేళ్ల కిందట గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాను. ఇప్పుడు ఆడే తీరిక లేదు. రోజూ ఆఫీసుకు మోసుకెళ్లలేక భుజం లాగేస్తోంది. స్క్రీన్ వెనక్కి మడిస్తే ట్యాబ్‌లా మారే చిన్న ల్యాప్‌టాప్ తీసుకోవాలనుంది. పాతది అమ్మాలా, ఉంచుకోవాలా? కొత్తది వాయిదాల్లో కొనవచ్చా?

జవాబు: ముందుగా ఒక మాట. దాన్ని మోసేది ఆఫీసు పనికే అయితే, ల్యాప్‌టాప్ ఇస్తారేమో ఆఫీసులో అడిగారా? ఇస్తే ఈ ఖర్చే ఉండదు.

ఇవ్వరంటే, ముందు పాతదాని సంగతి తేల్చండి. గత మూడు నెలల్లో గేమ్ ఎన్నిసార్లు తెరిచారు? వారానికోసారైనా ఆడుతుంటే దాన్ని ఇంట్లో టేబుల్ మీదే ఉంచేయండి. అప్పుడు కొత్తది ఆఫీసు పనికి సరిపోతే చాలు, బడ్జెట్ బాగా తగ్గించవచ్చు. ఆడటమే లేదంటే మాత్రం అమ్మేయండి. 'ఎప్పుడైనా ఆడదాంలే' అని అలమరాలో పెడితే మిగిలేదేమీ లేదు. కొత్త తరం గ్రాఫిక్స్ చిప్‌లు వచ్చేకొద్దీ పాతవాటి ధర పడిపోతుంది, చార్జింగ్ లేకుండా నెలల తరబడి పడి ఉంటే బ్యాటరీ కూడా పాడవుతుంది. అమ్మేటప్పుడు ఒరిజినల్ చార్జర్ కలిపి ఇవ్వండి. గేమింగ్ చార్జర్లు తరచుగా 180 వాట్లకు పైనే ఉంటాయి, విడిగా కొనాలంటే ఖరీదు. అది లేదంటే కొనేవాళ్లు ధర కోసేస్తారు.

ఇక కొత్తది. 15.6 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్ సాధారణంగా రెండు కిలోల పైనే, చార్జర్ బరువు అదనం. 13, 14 అంగుళాల మడత ల్యాప్‌టాప్‌లు చాలావరకు కిలోన్నరకు అటూఇటుగా ఉంటాయి. చాలావాటికి చిన్న టైప్-సి చార్జర్ సరిపోతుంది. భుజానికి ఊరట ఖాయం. అయితే ఆ ఊరట మడత లేని మామూలు చిన్న ల్యాప్‌టాప్‌తోనూ దొరుకుతుంది. అదే ప్రాసెసర్, అదే ర్యామ్ ఉన్నా మడత మోడల్‌కు సాధారణంగా ఎక్కువ పెట్టాలి. మీరు చేత్తో నోట్స్ రాసుకుంటారా, పీడీఎఫ్‌ల మీద గుర్తులు పెడతారా, బొమ్మలు గీస్తారా? అయితే ఆ డబ్బు దండగ కాదు. సినిమాలు చూడటానికే అయితే నేను వద్దనే అంటాను.

మడతదే కావాలనుకుంటే ర్యామ్ విషయంలో పిసినారితనం వద్దు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ తర్వాత పెంచుకునే వీలు చాలావాటికి ఉంటుంది. పలచటివాటిలో ఎక్కువగా మదర్‌బోర్డుకే అతికించేస్తారు, కొన్నాక మార్చలేం. కాబట్టి మొదటే 16 జీబీ తీసుకోండి. పెన్ను పెట్టెలోనే వస్తుందో, విడిగా కొనాలో అడగండి. కీబోర్డు ఊడదీసే రకమైతే కీబోర్డు సంగతి కూడా అడగాలి. టచ్ స్క్రీన్ పగిలితే మార్పించడం ఖరీదైన పని, అందుకే వారంటీలో ఏమేం వర్తిస్తాయో చదివాకే సంతకం చేయండి. డబ్బు మిగలాలంటే కిందటి ఏడాది మోడల్ చూడండి. ఆఫీసు పనికి తేడా పెద్దగా తెలియదు.

వాయిదాల గురించి. లెక్క వేయాల్సింది కొత్తదాని ధర మీద కాదు, అందులోంచి పాతది అమ్మిన సొమ్ము తీసేస్తే మిగిలేదాని మీద. అది మూడు నాలుగు నెలల పొదుపుతో తీరేదైతే ఆగండి. పాతది పనిచేస్తూనే ఉంది కదా, తొందరేముంది? 'వడ్డీ లేని వాయిదా' అంటే మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో కనుక్కోండి. ప్రాసెసింగ్ ఫీజు కూడా కలిపితే అసలు వడ్డీ బయటపడుతుంది. క్రెడిట్ కార్డు మీద కొని నెలనెలా కనీస మొత్తం మాత్రం కట్టే ఆలోచన అసలు వద్దు. అత్యవసర నిధి జోలికీ వెళ్లకండి.

కొత్తది చేతికొచ్చాక ఫైళ్లన్నీ మార్చుకుని, వెనక్కి ఇచ్చే గడువు ముగిసేలోపు రోజూ వాడి చూడండి. నచ్చిందని తేలాకే పాతదాంట్లో అకౌంట్లన్నీ సైన్ అవుట్ చేసి, డేటా పూర్తిగా తుడిచి అమ్మకానికి పెట్టండి.