రాజీనామా ముందా, చందా ముందా?

ప్రశ్న: మాది పాలకొల్లు. హైదరాబాద్‌లో 9 ఏళ్లుగా ప్రోగ్రామర్‌ని. ఊరికి వచ్చేసి రొయ్యల ఫీడ్ షాపులకు బిల్లింగ్, ఖాతాల సాఫ్ట్‌వేర్ అమ్మాలని ఉంది. సెలవు రోజుల్లో సగం తయారు చేశాను. ఏడాది ఖర్చుకు డబ్బు దాచాను. ఇప్పుడే రాజీనామా ఇవ్వొచ్చా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. మూడు షాపులు ఏడాది చందా ముందుగా కట్టాక ఇవ్వండి. "బాగుంది, పెట్టండి చూద్దాం" అన్నవాళ్లను లెక్కలో కలుపుకోవద్దు. ఉచితంగా పెడితే గుమస్తా నాలుగు రోజులు ఎక్కించి, మేత లారీ దిగిన రోజున పాత పుస్తకానికే వెళ్లిపోతాడు. డబ్బు కట్టిన యజమాని మాత్రం దగ్గరుండి ఎక్కిస్తాడు.

ఇంటి ఖర్చు నెలకు 40,000 అనుకుంటే ఏడాదికి 4,80,000. షాపుకు ఏడాది చందా 8,000 చొప్పున ఆ ఖర్చు రావాలంటే 60 షాపులు కావాలి. పాత బాకీలు ఎక్కించి, గుమస్తాకు నేర్పడానికి షాపుకు రెండు రోజులు వేసుకున్నా 120 రోజులు దానికే సరి. మీ వసూళ్లు కూడా చెరువు మీదే ఆధారపడతాయి. రైతు మేత అరువు తీసుకుని, రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి అయ్యాక కడతాడు. రొయ్యలకు వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలితే ఆ బాకీ నిలిచిపోతుంది, దాని వెనకే మీ చందా రెన్యూవల్ కూడా. అందుకే 18 నెలల ఖర్చు చేతిలో ఉండాలి. ఎరువుల షాపులకూ పనికొచ్చేలా చేసుకుంటే ఇంకా మంచిది.

ప్రోగ్రాంలో అసలు చిక్కు వడ్డీ దగ్గర. నూటికి నెలకు రూపాయిన్నర, రెండు రూపాయలు అని మన లెక్క. ఏ రోజు నుంచి వేయాలి, మధ్యలో కొంత కడితే అసలుకు జమా, వడ్డీకి జమా అన్నది షాపు షాపుకీ మారుతుంది. ఇవి కోడ్‌లో పాతేయకుండా సెట్టింగ్‌లో పెట్టండి. పోయిన పంటలో తీరిపోయిన మూడు ఖాతాలు అడిగి తీసుకోండి. మీ ప్రోగ్రాం చూపే మొత్తం వాళ్ల పుస్తకంతో రూపాయి తేడా లేకుండా కలిశాకే బేరం మాట్లాడండి. ఒకే ఊళ్లో నలుగురు సత్యనారాయణలుంటారు కనుక ఇంటిపేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు లేకుండా ఖాతా తెరవనివ్వకండి. తప్పు పద్దును చెరపనివ్వకండి, దాన్ని రద్దు చేసే ఎదురు పద్దు వేయించండి. తగువు వచ్చిన రోజున అదే సాక్ష్యం.

మామూలు థర్మల్ ప్రింటర్లలో తెలుగు అక్షరాలుండవు, బిల్లును బొమ్మగా మార్చి పంపాలి. ఆ బొమ్మ వెడల్పు 58 మి.మీ. ప్రింటర్‌కు సాధారణంగా 384 చుక్కలు, 80 మి.మీ. దానికి 576. కానీ థర్మల్ కాగితం వేడికి వెలిసిపోతుంది. పట్టుబడి దాకా దాచుకోవాల్సిన అరువు బిల్లుకు సిరా రిబ్బన్‌తో కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరే నయం. తుపానుకు కరెంటూ నెట్టూ కలిసి పోతాయి కాబట్టి డేటా ముందు షాపు కంప్యూటర్‌లోనే, ఎస్‌క్యూలైట్ వంటి చిన్న డేటాబేస్‌లో, నిలవాలి. నెట్ వచ్చాక మీ సర్వర్‌కు వెళ్తుంది. బిల్లంతా ఒకే ట్రాన్సాక్షన్‌గా, అంటే రాస్తే మొత్తం, లేదంటే ఏమీ లేకుండా, రాయండి. లేకుంటే కరెంటు పోయినప్పుడు సరుకు తగ్గి బాకీ ఎక్కని సగం బిల్లులు మిగులుతాయి.

మాకు ఎక్కువ కలవరం కలిగించింది ఆ "సగం తయారు చేశాను" అన్న మాట. ఎవరి ల్యాప్‌టాప్‌లో చేశారు? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, సంస్థదే. నియామక పత్రం తీసి చదవండి. పక్క వ్యాపారం కూడదని ఉంటే రాతపూర్వకంగా అనుమతి అడగండి. ఇంట్లోవాళ్ల పేరు మీద నడపడం దారి కాదు. అనుమతి రాకపోతే చందాలు వసూలు చేయకండి. సెలవుల్లో షాపుల్లో కూర్చుని ఖాతాల పద్ధతి నేర్చుకోండి. బయటికి వచ్చాక కోడ్ మొదటి నుంచి రాసుకోండి. సొంత ఆరోగ్య బీమా మాత్రం జీతం వస్తుండగానే తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు.

ప్రశ్న: రావులపాలెంలో ఒక్కడినే సాఫ్ట్‌వేర్ పని మొదలుపెడుతున్నాను. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాలా?

జవాబు: అక్కర్లేదు. టర్నోవర్ ఎంతున్నా కంపెనీకి ఏటా ఆడిట్ తప్పదు, ఆ ఖర్చు మొదటి ఏడాదే మీద పడుతుంది. సొంత పేరుతోనే మొదలుపెట్టండి. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే తప్పనిసరి, అప్పుడు 18 శాతం వేయాలి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఏజెంట్‌కు డబ్బు ఇవ్వకండి. వ్యాపారానికి బ్యాంకు కరెంటు ఖాతాను ఇంటి ఖాతా నుంచి మొదటి రోజే వేరు చేయండి.